శుభదినం అని రాస్తే చెల్లదట

(మత్సుయె ఊళ్ళో కాలవ పక్కన సోయా పాల జున్ను, అంటే తోఫు, చేసి అమ్మే కొట్టు. మధ్యాహ్నం విడత అమ్ముడైపోయింది. వెనక గదిలో మామగారు యోసబురో, కోడలు చిగుసా. బయట చినుకు.)

"మళ్ళీ చదువు. ఈసారి మెల్లిగా."

"ఇది మీ స్నేహితుడి వీలునామా అన్నారు కదా మావయ్యా?"

"అవును. సెలూను ఇకెగామిది. వాడికి కళ్ళు ఆనడం లేదు. తప్పులుంటే చూసి చెప్పమన్నాడు."

"ఇందులో 'కాలవ పక్కనున్న తోఫు కొట్టు' అని ఉంది."

"ఊఁ."

"'సోయా గింజలు రుబ్బే యంత్రం, రాతి తొట్లు రెండు' అని కూడా ఉంది."

"ఉంటే?"

"ఇకెగామిగారికి రాతి తొట్లెందుకు? క్షవరానికి ముందు తలలు నానబెడతారా?"

"సరే, నాదే. టీ పొయ్యి."

"పోస్తాను. కానీ ఇది మీరు రాసింది కాదు. మన వీధిలో పెళ్ళి కవర్ల మీదా చావు కవర్ల మీదా పేర్లన్నీ ఇకెగామిగారే రాస్తారు. ఆ అక్షరాలు నాకు తెలీవా?"

"నా అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి. వీలునామా కదా, కాస్త అందంగా ఉంటుందని వాడిచేత రాయించాను. కింద సంతకం నాదే. నా పేరు ముద్ర కూడా నేనే వేశాను."

"అయితే చెల్లదు."

"ఏది చెల్లదు?"

"మొత్తం. లైబ్రరీ నుంచి మీరు తెచ్చిన పుస్తకంలోనే ఉంది, ఏడో పేజీ. చేతిరాత వీలునామా అంటే మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఆస్తిగలవాళ్ళే సొంతచేత్తో రాయాలట. ఇల్లూ వాకిలీ జాబితా మాత్రం టైపు కొట్టించుకోవచ్చట."

"ఎంత వికారంగా ఉన్నా నేనే రాయాలా?"

"మీరే రాయాలి. వికారంగా ఉంటే ఇంకా మంచిది, మీదే అని ఎవరైనా ఒప్పుకుంటారు."

"నాకు ముందే అనుమానం వచ్చింది. అందుకే ఇంకోటి రాసిపెట్టాను. ఆ దిండు కింద చూడు."

"మొత్తం ఎన్ని రాశారు?"

"మూడు."

"మూడు వీలునామాలా?"

"వానలు కదా. బేరాలు లేవు."

"ఉండండి, చదువుతాను. 'నేను, యోసబురో, ఎనభై రెండేళ్ళు, బుద్ధి సరిగ్గా ఉండగా...'"

"అక్కడ తప్పు లేదు కదా?"

"బుద్ధి సంగతి పుస్తకం చెప్పదు మావయ్యా. 'నా తోఫు కొట్టునూ ఇంటినీ మా అబ్బాయి కోహెయ్ భార్య చిగుసాకి వారసత్వంగా...'"

"ఏమైంది? ఆగిపోయావేం?"

"నా పేరు ఉంది."

"మరి ఇకెగామి పేరు ఉంటుందా? చదువు."

"నాకు తెలీకుండా ఇవన్నీ..."

"తెలిస్తే వద్దంటావు. చదువు."

"'వారసత్వంగా ఇస్తున్నాను.' మావయ్యా, ఈ మాట కుదరదు."

"ఏ మాట?"

"వారసత్వం. అది వారసులకే. నేను వారసురాలిని కాను."

"ఎవరన్నారు?"

"పదకొండో పేజీ. చదవనా? మనిషి పోతే..."

"పోతే అనకు. ఏదైనా అయితే అను."

"పుస్తకంలో పోతే అనే ఉంది. మనిషి పోతే ఆస్తి భార్యకి, పిల్లలకి వెళ్తుంది."

"మీ అత్తయ్య లేదు. కోహెయ్ లేడు."

"కోహెయ్‌కి పిల్లలుంటే వాళ్ళకి వెళ్ళేది."

"లేరు. ఆ ముక్క దాటెయ్యి."

"పిల్లలు లేకపోతే తల్లిదండ్రులకి."

"నాకే ఎనభై రెండు. వాళ్ళెక్కడుంటారు?"

"వాళ్ళూ లేకపోతే తోబుట్టువులకి. అంటే హిరోషిమా అత్తయ్యకి."

"తోమియెకా? మా చెల్లికా? అంతా?"

"అంతా."

"మరి నువ్వు?"

"జాబితాలో నేను లేను."

"సరిగ్గా చూడు. కింద చిన్న అక్షరాల్లో ఉంటావేమో."

"చూశాను. కోడలు ఎక్కడా లేదు. మామగారికి సేవ చేస్తే, ఆ సేవకి కొంత సొమ్ము ఇమ్మని అడగొచ్చట. కొట్టు అడగడానికి లేదు."

"ఇరవై మూడేళ్ళుగా తెల్లారకముందే లేచి గింజలు రుబ్బుతున్నది ఎవరట? కోహెయ్ పోయిన పదోరోజున తలుపు తీసి పొయ్యి వెలిగించింది ఎవరట? నేనప్పుడు గోడకి మొహం పెట్టుకుని పడుకున్నాను."

"ఆ సంగతి పుస్తకం వాళ్ళు అడగలేదు."

"తోమియె చేతికొస్తే ఏం చేస్తుందో తెలుసా?"

"తెలుసు. పోయినేడు కోహెయ్ ఏడో ఏటి పూజకి వచ్చినప్పుడు, పూజ అవుతుండగానే ముందు గది అడుగులు వేసి కొలిచింది. కొట్టు పడగొట్టి చదును చేస్తే ఎనిమిది కార్లు నిలపొచ్చంది."

"ఎనిమిదా? నాతో ఆరే అంది."

"రాతి తొట్లు తీసేస్తే ఎనిమిదట."

"అందుకే రాస్తున్నాను ఇదంతా. కొట్టు నీది. నేను పోయాక... చూశావా, నాచేత కూడా అనిపించేశావు. నేను పోయాక ఎవరూ వచ్చి నిన్ను బయటికి నడవమనకూడదు. నాకు ఉన్న దిగులు అదొక్కటే. అది తీరేలా ఏం రాయాలో చెప్పు."

"రాస్తే చెల్లుతుంది. తోబుట్టువులకి, అదేమిటది, ఆ వాటా లేదు."

"ఏ వాటా?"

"తీసెయ్యడానికి వీల్లేని వాటా. భార్యకీ పిల్లలకీ తల్లిదండ్రులకీ ఉంటుందట. వీలునామాలో మొత్తం ఇంకెవరికో రాసేసినా, వాళ్ళు వచ్చి నా వంతుకి తగ్గ సొమ్ము ఇమ్మని అడగొచ్చు. తోబుట్టువులకి మాత్రం ఆ హక్కు లేదు."

"అంటే తోమియెకి?"

"వీలునామా సరిగ్గా ఉంటే ఒక్క పెంకు కూడా రాదు."

"పాపం."

"పాపమా? ఇప్పుడే కదా..."

"ఎంతైనా చెల్లెలు. ఒక రాతి తొట్టి ఇద్దాం. రంగు చేపలు పెంచుకుంటుంది. అందులో కారు మాత్రం పట్టదు."

"మీ ఇష్టం. మాట మాత్రం మార్చండి. వారసులు కానివాళ్ళకి 'వీలునామా ద్వారా దానం ఇస్తున్నాను' అని రాయాలట. లేకపోతే ఆ అత్తయ్య ఒక వకీలుని పెట్టి ఆ ఒక్క మాట పట్టుకుని లాగుతుంది."

"దానమా?"

"దానమే."

"నువ్వేమైనా చిప్ప పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చావా?"

"అది చట్టంలో మాట మావయ్యా. తిట్టు కాదు."

"నాకు రాయబుద్ధి కాదు. గుడికిచ్చేది దానం. వరదొచ్చినప్పుడు ఇచ్చేది దానం. నీకిస్తే దానం ఎలా అవుతుంది?"

"ఒక్క మాటే కదా."

"ఒక్క మాటే. అదే నాకు గొంతులో ముల్లులా ఉంది. మూడోదాంట్లో కూడా అది రాయలేదు నేను. 'చిగుసాది' అని రాశాను, అంతే."

"మూడోది ఎక్కడుంది?"

"ఈ కవర్లో. అంటించేశాను."

"ఎందుకు అంటించారు? అంటించిన కవరుని మీ తరవాత నేను ఇంట్లో విప్పకూడదు. ఫ్యామిలీ కోర్టుకి పట్టుకెళ్ళాలి. వారసులందరినీ పిలిచి వాళ్ళ ముందే విప్పుతారట."

"వారసులంటే?"

"హిరోషిమా అత్తయ్య."

"అంటే నా కవరు విప్పడానికి తోమియెకి కబురు పెడతారు, నువ్వు పక్కన కూర్చుని చూస్తావు. బాగుంది. నేను బతికుండగా నేను విప్పొచ్చా?"

"మీది మీరు ఎప్పుడైనా విప్పొచ్చు."

"కత్తి ఇటివ్వు."

"అది తోఫు కోసే కత్తి."

"కాగితం కూడా కోస్తుంది. ఇదిగో. చదువు."

"'నా కొట్టూ ఇల్లూ యంత్రమూ తొట్టి ఒకటీ చిగుసాది...' తొట్టి ఒకటి అని ముందే రాశారా?"

"చెప్పానుగా, చెల్లెలు."

"'ఈ వీలునామాను అమలుచేసే బాధ్యత ఇకెగామికి అప్పగిస్తున్నాను.' మావయ్యా, ఆయన మీకన్నా రెండేళ్ళు పెద్ద."

"వాడు పోడు. వాడి నాన్న నూటొక్క ఏళ్ళు బతికాడు. అసలు అమలుచేసేవాడంటే ఏం చెయ్యాలి?"

"మీరు రాసినట్టు ఇల్లు నా పేరుకి మార్పించాలి, బ్యాంకుకి వెళ్ళాలి, వారసులకి ఉత్తరాలు రాయాలి."

"ఉత్తరాలు రాయడమంటే వాడికి పండగ. తోమియెకి ఎంత అందంగా రాస్తాడో చూడు. అది కోపం మర్చిపోయి చట్రం కట్టించుకుంటుంది."

"'చిగుసా ఇంటిపేరు ముందుముందు మారినా సరే, ఇదంతా...'"

"ఊఁ, చదువు."

"'...మారినా సరే, ఇదంతా ఆమెదే.'"

"బాగుందా? ఆ ముక్క నేనే సొంతంగా ఆలోచించాను."

"ఇంటిపేరు ఎందుకు మారుతుంది?"

"ఏమో. మారొచ్చు. జనాలకి మారుతూ ఉంటాయి."

"ముందు కొట్లో ఎవరో పిలిచినట్టుంది."

"ఎవరూ పిలవలేదు. చినుకు."

"సోయా పిప్పి కావాలని పక్కింటావిడ అంది. ఇచ్చొస్తాను."

"పొద్దున్నే పట్టుకెళ్ళింది. కూర్చో. ఒక మాట అడుగుతాను. మనకి గింజలు ఎన్నాళ్ళకోసారి వచ్చేవి?"

"నెలకోసారి."

"ఇప్పుడు?"

"వారం వారం. కొంచెం కొంచెంగా తెప్పిస్తే తాజాగా ఉంటాయని."

"ఎండు గింజలు."

"ఎండు గింజలైనా..."

"ఎండు గింజల్లో తాజా ఏమిటమ్మాయ్? నేను అరవై ఏళ్ళనించీ ఈ పని చేస్తున్నాను. ఎండు గింజలు ఇవాళ దించినా ఒకటే, నెల కిందట దించినా ఒకటే. ఆ లారీ హమసాకి వారం వారం వంతెన దాటి వచ్చి, రెండే రెండు బస్తాలు దించి, అరగంటసేపు నిలబడి ఒక తోఫు తింటాడు."

"ఆయనకి మన తోఫు ఇష్టం."

"ఇష్టమే. పోయిన గురువారం దాకా సోయా సాసు వేసుకుని తినేవాడు. ఆ గురువారం ఉత్తదే తినేసి వెళ్ళిపోయాడు. సాసు సీసా వాడి చేతి పక్కనే ఉంది. వేసుకోవాలని తోచలేదు. నువ్వు ఆ రోజంతా తొట్టి కడుగుతూనే ఉన్నావు."

"తొట్టికి పాచి పట్టింది."

"సరే, పాచి. వీలునామా సంగతి చూడు. ఇంకేమైనా తప్పులున్నాయా?"

"ఒక్కటి. తేదీ."

"రాశానే."

"'నవంబరు నెల, శుభదినం' అని రాశారు."

"మరి ఎలా రాస్తారు? మన కొట్టు బోర్డు వెనక మా నాన్న అలాగే రాయించాడు. గుడికిచ్చిన గంట మీద అలాగే ఉంది. శుభకార్యం ఏదైనా అలాగే రాస్తారు. నెల రాసి, శుభదినం అంటారు. రోజు అంకె వెయ్యడం మొరటుగా ఉంటుంది."

"గంట మీద సరే. వీలునామా మీద అలా రాస్తే మొత్తం చెల్లదు. పుస్తకంలో దీనికి పెట్టె కట్టి మరీ వేశారు. ఈ తప్పు చాలామంది చేస్తారట."

"శుభం అన్నందుకు చెల్లదా?"

"ఏ రోజు రాశారో తెలియాలి కదా. ఇప్పుడు మీరే మూడు రాశారు. ఏది ఆఖరిదో తెలిస్తేనే ఏది చెల్లుతుందో తెలుస్తుంది. రాసిన రోజున మనిషికి మతి సరిగ్గా ఉందో లేదో కూడా దాన్నిబట్టే చూస్తారు."

"నవంబరు నెలంతా నా మతి సరిగ్గానే ఉంది. పోనీ, శుభదినం కొట్టేసి పక్కన పద్నాలుగు అని వేస్తే?"

"ఊరికే కొట్టేస్తే కుదరదు. కొట్టేసినచోట ముద్ర వెయ్యాలి, ఎక్కడ ఏం మార్చారో విడిగా రాయాలి, ఆ రాసినదాని కింద సంతకం పెట్టాలి. దానికన్నా కొత్తది రాసుకోవడం తేలిక."

"అంటే మూడూ పోయాయి."

"మూడూ పోయాయి. రేపు కూర్చుని నాలుగోది రాద్దాం. నేను పక్కనే ఉంటాను. దానం అనే మాట, తేదీ అంకె, ముద్ర. అంతే."

"రాయను."

"మావయ్యా..."

"ముప్ఫై ఒకటో పేజీ తియ్యి. మూల మడిచి పెట్టాను."

"లైబ్రరీ పుస్తకం మూల మడుస్తారా ఎవరైనా?"

"చదువు ముందు."

"'దత్తత. పెద్దవాళ్ళను కూడా దత్తత తీసుకోవచ్చు. దత్తత వచ్చేవారు వయసులో చిన్నవారైతే చాలు. ఇద్దరూ పెద్దవాళ్ళైతే కోర్టుకి వెళ్ళనక్కర్లేదు. పురపాలక కార్యాలయంలో ఒక ఫారం, ఇద్దరు సాక్షులు. ఆ రోజు నుంచి కన్నబిడ్డతో సమానంగా...'"

"ఊఁ?"

"'...సమానంగా వారసులవుతారు.'"

"బిడ్డ ఉంటే తోబుట్టువులు జాబితాలోకే రారట. ఇకెగామి చదివి చెప్పాడు. అప్పుడు దానం అని రాయక్కర్లేదు. అసలు ఏమీ రాయక్కర్లేదు."

"మరి ఇంతసేపూ ఈ మూడూ నాచేత ఎందుకు దిద్దించారు?"

"దత్తత అని మొదలుపెడితే, ఎందుకు మావయ్యా, వీలునామా రాస్తే చాలదా అంటావు. నీ సంగతి నాకు తెలీదా? ఇప్పుడు ఒక్కొక్కటీ నువ్వే కొట్టేశావు."

"కావాలని తప్పులు రాశారా?"

"లేదు తల్లీ. తప్పులు నిజంగానే చేశాను. నాకంత తెలివి ఎక్కడిది?"

"నేను ఒప్పుకోను. ఆస్తి కోసం ముసలాయనకి కూతురైంది అంటుంది హిరోషిమా అత్తయ్య. ఊరంతా అంటుంది."

"ఆస్తి కోసమైతే నాలుగోది రాసి పడేద్దును. దానం అనే మాట మింగలేనంత వాణ్ణి కాదు."

"మరి ఎందుకు?"

"చెప్తాను. టీ ఇంకాస్త పొయ్యి. కోడలు ఈ గుమ్మం దాటి ఇంకొకడి ఇంటికి వెళ్తే, ముసలాణ్ణి వదిలేసి పోయింది అంటారు. కూతురు వెళ్తే అత్తారింటికి వెళ్ళింది అంటారు. అదే గుమ్మం, అవే కాళ్ళు. నువ్వు వదిలేసి పోయేదానిలా తల దించుకుని వెళ్ళడం నాకిష్టం లేదు. వెళ్ళకుండా నా కోసం ఆగిపోవడం అంతకన్నా ఇష్టం లేదు."

"నేనెక్కడికీ వెళ్ళడం లేదు. పెళ్ళి కుదరదని హమసాకిగారికి చెప్పేశాను."

"అదే, సాసు లేకుండా తిన్న రోజున."

"నాకు భయం వేసింది మావయ్యా. వీధిలో ఏమంటారో అని కాదు. కోహెయ్ ఫోటోకి రోజూ నీళ్ళు పెట్టేది నేను. మీరేమనుకుంటారో అని భయం వేసింది. మీతో ఆ మాట ఎలా చెప్పాలో నాకు తెలీలేదు."

"నాకూ తెలీలేదు. అందుకే కదా మూడు వీలునామాలు రాసుకుంటూ కూర్చున్నాను. కోహెయ్ ఫోటోకి నీళ్ళు నేను పెడతాను. నువ్వు వంతెన అవతలి నుంచి పొద్దున్నే సైకిలు మీద రా. గింజలు మాత్రం నువ్వే రుబ్బాలి, నా నడుం ఊరుకోదు."

"మీరు ఇదంతా ముందే..."

"ఫారం ఇదిగో. సాక్షుల పేర్లు చదువు."

"మొదటి సాక్షి, ఇకెగామిగారు."

"ఎంత అందంగా రాశాడో చూడు. ఇక్కడ వాడి అక్షరాలు చెల్లుతాయి. రెండోది?"

"ఇవి ఇకెగామిగారి అక్షరాలు కావు."

"కావు. బస్తాలు మోసే చెయ్యి కదా. చదువు."

"మావయ్యా, ఇది హమసాకిగారి పేరు."

"నిన్న నువ్వు ఆస్పత్రి వంటగదికి తోఫు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు వచ్చాడు. గింజలు తేలేదు. కోటు వేసుకుని వచ్చాడు. ఇక్కడే, నువ్వు కూర్చున్న చోటే మోకాళ్ళ మీద కూర్చుని, మీ కోడల్ని నాకిస్తారా అని అడిగాడు. నేనన్నాను, కోడల్ని ఇవ్వడానికి నేనెవర్ని బాబూ, ముందు ఇక్కడ సంతకం పెట్టు, తరవాత వచ్చి మా అమ్మాయిని అడుగు అని."

"ఏమన్నారు దానికి?"

"వెంటనే కలం అందుకున్నాడు. ఫారం మీద రెండు చుక్కలు పడ్డాయి. అదిగో, అక్కడ సిరా అలికింది. ఇకెగామి చూసి తిట్టాడు. ఇప్పుడు నువ్వెందుకు ఏడుస్తున్నావు? ఇంకా అలుకుతుంది, ఇటివ్వు."

"నేను ఏడవడం లేదు. టీ ఆవిరి."

"టీ ఎప్పుడో చల్లారిపోయింది. ఇదిగో, బలవంతం ఏమీ లేదు. నీకు ఇష్టం లేకపోతే చించేస్తాను. ఆ మూడూ చించుతాను కదా, వాటితోపాటు ఇదీ."

"చించకండి. మీ ముద్ర అత్తయ్య ఫోటో కింద సొరుగులో ఉంది. నాదీ అక్కడే ఉంది. తెస్తాను."

"రెండూ తీసుకురా. మీ అత్తయ్యకి కూడా ఒక మాట చెప్పు."

"తెచ్చాను. చెప్పాను. తేదీ దగ్గర మాత్రం అంకె వెయ్యండి. పద్నాలుగు. మళ్ళీ శుభదినం అని రాసేరు."

"ఇక్కడ రాయను. అది దాచుకుంటున్నాను. నీ పెళ్ళి శుభలేఖ మీద పెళ్ళికూతురి తండ్రి అని నా పేరు వేస్తారు కదా, దాని పక్కన రాస్తాను. అక్కడ శుభదినం అంటే ఏ కోర్టూ కాదనదు."